బిడ్డల మనోవ్యాధి: రెండు ప్రశ్నలు

ధ్యాన భాగములు: యోహాను 9:1–7, మార్కు 9:14–29



రెండు సంవత్సరముల క్రిందట వరికోతల దినములలో, మా పాస్టరేటులోని ఒక పల్లెనుండి రాత్రివేళ మాకు కబురు వచ్చెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక అమ్మాయి మూడు దినములనుండి నిద్రపోక, తనలో తాను మాటలాడుకొనుచు, కన్నతల్లిని చూచి భయపడి గోడమూలకు చేరుచున్నదట. మేము వెళ్లి చూచితిమి. సండేస్కూలులో కంఠత వాక్యములు తప్పులేకుండ అప్పగించు ఆ బిడ్డ మమ్మును గుర్తుపట్టలేదు. పెదవులు ఊరక కదలుచుండెను. చేతులు వంకరలు పోవుచుండెను. గుమిగూడినవారిలో కొందరు గాలి సోకినదనిరి. మరికొందరు దయ్యమే, సందేహము లేదనిరి. మేము కాదనలేదు. ఏడు దినములు ఉపవాస ప్రార్థన చేయుదము, ఆసుపత్రి సంగతి తరువాత చూతమని చెప్పితిమి. పట్టణమునకు తీసికొనిపోవుటకు తండ్రి అప్పటికే ఆటో మాటలాడియుండెను. మా మాట విని మానుకొనెను.

ఆరవ దినమున బిడ్డకు మూర్ఛ వచ్చెను. అప్పుడుగాని పట్టణమునకు కొనిపోలేదు. అక్కడి వైద్యులు వెన్నులోని నీరు తీసి పరీక్షకు పంపి, మెదడునకు వాపు వచ్చినదని తెలిసికొనిరి. శరీరములో రోగక్రిములతో పోరాడవలసిన రక్షణబలము పొరబడి స్వంత మెదడుమీదికే తిరుగుట ఈ వ్యాధి. యాంటీ ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌కెఫలైటిస్ అని దానికి పేరు. 2007లో జోసెప్ దల్మావ్ అను వైద్యుడును ఆయన తోటివారును దీనిని కనుగొని వివరించిరి. ఇది అరుదైన వ్యాధి. పిల్లలకును పడుచువారికిని, అందులో ఆడపిల్లలకు ఎక్కువగా వచ్చును. రక్షణబలమును అణచు మందులు త్వరగా ఇచ్చినయెడల అనేకులు కోలుకొందురు. ఆలస్యమైనకొలది కోలుకొనుట కష్టమగును.

ఆసుపత్రి వరండాలో ఆ తల్లి మమ్మును చూచి ఒక ప్రశ్న అడిగెను. “అయ్యగారూ, మేమేం పాపం చేశామండీ, నా బిడ్డకిట్లా వచ్చింది?” మాకు జవాబు రాలేదు. ఆలస్యము చేసినది ఆమె కాదు, మేమే. అయినను పాపమెవరిదని వెదకుకొనుచున్నది ఆమె. ఆ దినమునుండి ఆ ప్రశ్న మమ్మును విడువలేదు.

ఇది క్రొత్త ప్రశ్న కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులును ఇదే అడిగిరి. తప్పు వానిదా, వాని కన్నవారిదా అని తెలిసికొనగోరిరి. ప్రభువు ఆ రెండును కాదని చెప్పి, వాని కన్నులు బాగుచేయు పనికి పూనుకొనెను. గ్రుడ్డివారి విషయములో మనము ఈ పాఠమును నేర్చుకొన్నాము. నేడు ఏ సంఘములోను కన్ను కనబడని బిడ్డను చూచి ఎవరి పాపమని అడుగువారు కనబడరు. కాని మతి కలతచెందిన బిడ్డను, దిగులుతో మూల కూర్చుండిన పిల్లవానిని చూచినప్పుడు మాత్రము ఆ పాత ప్రశ్న మన నోట వచ్చుచున్నది. ఎందుచేత? కన్ను శరీరమనియు, మనస్సు శరీరము కాదనియు మనము తలంచుటచేతనే.

ఈ తలంపు ఎంతవరకు నిజమో విచారింతము. కాలిలో తుమ్మముల్లు విరిగినయెడల ఆ చోటు ఎఱ్ఱబడును, వేడెక్కును, వాచును, నొప్పిపెట్టును. ఈ నాలుగు గురుతులను సుమారు రెండువేల సంవత్సరముల క్రిందటనే రోమాదేశపు సెల్సస్ అను గ్రంథకర్త వ్రాసియుంచెను. ముల్లు తీసిన తరువాత వాపు తగ్గును. అట్లే జ్వరము వచ్చిన బిడ్డను చూడుడి. అన్నము వద్దనును, ఆటకు పోడు, ఎవరితోను మాటలాడక ముసుగు పెట్టుకొని పడుకొనును. వానికి బుద్ధి చెడినదని ఏ తల్లియు అనుకొనదు. శరీరములో పుట్టిన వాపు రసములు రక్తముద్వారా మెదడునకు కబురు పంపుటచేత మనస్సుకూడ ముడుచుకొనుచున్నదని వైద్యులు చెప్పుదురు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద పడి చావు కోరుకొనినప్పుడు దేవదూత మొదట ఆయనను గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును పెట్టెను, మరల నిద్రపోనిచ్చెను. శరీరమును మనస్సును విడదీయరాదని లేఖనమును ఎరుగును.

మరి ముల్లు గ్రుచ్చుకొనకయే, జ్వరము రాకయే శరీరములో ఇట్టి వాపు సన్నగా రగులుచుండునా? రగులునని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. ఇంగ్లండులో బ్రిస్టల్ ప్రాంతమున 1991, 1992 సంవత్సరములలో పుట్టిన వేలాది పిల్లలను పుట్టుకనుండి గమనించుచు వచ్చిరి. తొమ్మిదేండ్ల వయస్సున వారి రక్తములో ఇంటర్‌లూకిన్-6 అను వాపు రసమును కొలిచిరి. అది ఎక్కువగా ఉన్న పిల్లలకు పదునెనిమిదేండ్ల వయస్సున దిగులువ్యాధి వచ్చు అవకాశము, తక్కువగా ఉన్నవారికంటె సుమారు ఒకటిన్నర రెట్లు అధికమని 2014లో ప్రకటించిరి. అయినను ఆ రసము ఎక్కువగా ఉన్నవారిలో అధికసంఖ్యాకులకు ఏ వ్యాధియు రాలేదు. కాబట్టి వాపు ఒక్కటే కారణమనియు, మనోవ్యాధులన్నియు వాపేననియు ఎవరును అనుకొనరాదు.

న్యూజీలాండులోని డునెడిన్ పట్టణమున 1972, 1973లలో పుట్టిన 1,037 మంది పిల్లలనుకూడ ఇట్లే ఏండ్లతరబడి గమనించిరి. చిన్నతనమున దెబ్బలు తిని, నిరాదరణ పొంది పెరిగినవారు 32 ఏండ్లవారైనప్పుడు, వారి రక్తములో వాపు గురుతులు మిగిలినవారికంటె ఎక్కువగా కనబడినవని 2007లో తెలిపిరి. చిన్ననాటి దెబ్బ ఒంటిమీద మానిపోయినను రక్తములో దాని జాడ నిలిచియున్నదన్నమాట.

ఇది ఎట్లు జరుగును? దారిలో పాము కనబడినప్పుడు గుండె దడదడ కొట్టుకొనును, కాళ్లకు బలము వచ్చును. అడ్రినలిన్, కార్టిసాల్ అను రసములు రక్తములో కలియుటయే దీనికి కారణము. పరుగెత్తి తప్పించుకొనుటకు ఇది దేవుడిచ్చిన సహాయము. పాము పోయిన తరువాత శరీరము నెమ్మదించును. కాని ప్రతిరాత్రి త్రాగివచ్చి కొట్టు మనిషి ఇంటిలోనే యున్నయెడల ఆ పాము ఎన్నడును పోదు. కార్టిసాల్ మామూలుగా వాపును అణచును. భయము ఎడతెగకయున్నప్పుడు శరీరము దాని మాట విననట్లగును. అప్పుడు వాపు చల్లారదు.

ఈ సంగతులు చదువుచుండగా మాకు మరియొక బిడ్డ జ్ఞాపకమునకు వచ్చెను. పదమూడేండ్ల పిల్లవాడు. తలిదండ్రులు ఇండ్ల కట్టుబడి పనులకు హైదరాబాదు పోయిరి. వాడు నాయనమ్మయొద్ద ఉండెను. ఆ ఇంటనే బాబాయి త్రాగివచ్చి చేతికి దొరికినదానితో కొట్టుచుండెను. పిల్లవాడు ఆటలు మానెను. కడుపునొప్పి అనుచుండెను. బడిలో కూర్చుండియే నిద్రపోవుచుండెను. ఉపాధ్యాయులు సోమరి అనిరి. మేమును యౌవనుల కూటములో సోమరితనమునుగూర్చి ప్రసంగించుచు వానివైపు చూచితిమి. వాడు తల వంచుకొనెను. వాని రక్తములో ఏ రసము ఎంత ఉన్నదో ఎవరును కొలువలేదు, కొలువ నవసరమును లేదు. వాని వీపుమీది చారలు చూచినయెడల చాలియుండెను. మేము చూడలేదు.

ఇక్కడ మనము జాగ్రత్తగా ఆలోచింపవలెను. మనోవ్యాధి శరీరమునకు సంబంధించినదని తెలిసిన తరువాత, అది వైద్యుని పని, మనకేమి అని కొందరందురు. అట్లు అనుటకు వీలులేదు. మన మాట, మన చెయ్యి, మన ఇంటి కలహము బిడ్డ శరీరములోనికి చేరుచున్నప్పుడు మన బాధ్యత తగ్గలేదు, పెరిగినది. పిల్లలను విసిగించి వారి మనస్సు క్రుంగజేయవద్దని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు తండ్రులను హెచ్చరించెను గదా.

మరికొందరు, అట్లయిన తప్పు తలిదండ్రులదే అందురు. ఇదియు పాత ప్రశ్నయే, వేషము మార్చుకొని వచ్చినది. మెదడు వాపు వచ్చిన ఆ అమ్మాయి తల్లి చేసిన తప్పేమియు లేదు. ప్రేమగల ఇండ్లలోను దిగులువ్యాధి వచ్చును. వంశములో వచ్చు బలహీనతయు, జబ్బులును, మనకు కనబడని మరెన్నో సంగతులును కలియును. బెంగళూరులోని నిమ్‌హాన్స్ వారు 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సు గలవారిలో నూటికి సుమారు ఏడుగురికి ఏదో ఒక మనోవ్యాధి ఉన్నట్లు కనబడెను. ఇన్ని ఇండ్ల తలుపులమీద పాపమని వ్రాయుటకు మనమెవరము?

అట్లయిన ఏమి అడుగవలెను? మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయములో, బాధపడుచున్న కుమారుని తండ్రి తెచ్చినప్పుడు ప్రభువు ఆయనను ఒక ప్రశ్న అడిగెను. నీ పాపమేమి అని అడుగలేదు. ఇది బిడ్డకు ఎన్నాళ్లనుండి ఉన్నదని అడిగెను. మంచి వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న ఇదే. తండ్రి చిన్నతనమునుండి జరిగినదంతయు చెప్పుకొనెను. ప్రభువు వినెను. వినుటకు సమయము తీసికొనిన తరువాతనే బాగుచేసెను.

ఆ బిడ్డను దురాత్మ పట్టినదని అక్కడ వ్రాయబడలేదా అని మీరు అడుగవచ్చును. వ్రాయబడినది, మేము దానిని కొట్టివేయుట లేదు. కాని ఎదుటివానిలో ఏమున్నదో ఎరిగిన కన్ను ప్రభువుది. మాకట్టి కన్ను లేదని ఆ ఆరు దినములు మాకు నేర్పినవి. తెలియని చోట పేరు పెట్టుట విశ్వాసము కాదు, తొందరపాటు. ప్రార్థన ఆసుపత్రి మంచము ప్రక్కనను చేయవచ్చును. పౌలుతోకూడ ప్రయాణము చేసిన లూకా వైద్యుడని మరువకుడి.

కాబట్టి మా సంఘములలో కొన్ని సంగతులు నిర్ణయించుకొన్నాము. బిడ్డ నడత అకస్మాత్తుగా మారినను, మూర్ఛ వచ్చినను, అదే దినమున ఆసుపత్రికి పంపుదుము. రెండు వారములు దాటి నిద్ర, తిండి, ఆట, చదువు విడిచిన బిడ్డనుగూర్చి వైద్యుని అడుగుదుము. వాపు మందులను మనంతట మనము కొని మ్రింగింపము. చావు మాట నోట వచ్చిన బిడ్డను ఒంటరిగా విడువము. ఇంటిలోని పురుగుమందును తాళములో పెట్టింతుము. మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతో కట్టుట 2017 చట్టము నిషేధించినది. దానిని చూచి ఊరకుండము. 2022 అక్టోబరులో ప్రభుత్వమువారు టెలి మానస్ అను ఉచిత సహాయమును ఆరంభించిరి. 14416కు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. దెబ్బలు తినుచున్న బిడ్డకొరకు 1098 ఉన్నది.

ఆ అమ్మాయి నెలలతరబడి మందులు వాడి కోలుకొనెను. ఒక సంవత్సరము చదువు పోయినది. ఇప్పుడు మరల కంఠత వాక్యములు అప్పగించుచున్నది, నడుమ నడుమ మరచిపోవుచు. ఆ తల్లియొద్దకు వెళ్లి, ఆలస్యము మాదని మేము ఒప్పుకొంటిమి. ఆమె మాకు మజ్జిగ ఇచ్చి కూర్చుండుమనెను. పిల్లవాని తల్లి హైదరాబాదు విడిచి వచ్చి వానియొద్ద ఉన్నది. నెలకొకమారు జిల్లా ఆసుపత్రికి తీసికొనిపోవుచున్నది. వాడు ఇంకను పూర్తిగా తేరుకొనలేదు. మొన్న ఆదివారము ఆరాధనయైన తరువాత చెట్టుక్రింద వాని ప్రక్కన కూర్చుండి, ఎన్నాళ్లనుండి నాయనా అని అడిగితిమి. చాలసేపు పలుకలేదు. తరువాత చెప్పనారంభించెను.

మీ ఇంటను, మీ పొరుగింటను అట్టి బిడ్డ యున్నయెడల, అడుగుడి. అడిగి, వినుడి. వినుటకు ఓపికను ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.