బలిపీఠముపై నిన్నటి బూడిద



సంఘపు పెద్దలు నాకిచ్చిన అంశము ‘ఆరాధనలో అలవాటు అను అపాయము’. దానికి ఆధారముగా యెషయా గ్రంథము 29వ అధ్యాయము 13వ వచనమును నిర్ణయించిరి. మీకు కంఠస్థమైన వచనమే గనుక చదువను. పెదవులు సమీపముగను హృదయము దూరముగను ఉన్న జనమును గూర్చి దేవుడు పడిన వేదన అది. ఎవరిని గూర్చి ఆ వేదన పడెనో ఒక్క క్షణము ఆలోచింపుడు. దేవాలయపు గడప తొక్కని వారిని గూర్చి కాదు. వేళ తప్పక వచ్చి, విధి తప్పక మ్రొక్కి, నేర్చిన మాటలను తప్పులేక వల్లించి, తృప్తితో ఇంటికి మరలిపోయిన వారిని గూర్చియే. రాని వానిని పిలువవచ్చును. వచ్చియు రాని వానిని ఏమని పిలుతుము?

మలాకీ ప్రవక్త ఈ వ్యాధికే మరియొక లక్షణమును చూపెను. కుంటి పశువును, రోగము పట్టిన పశువును బలికి తెచ్చిన వారిని చూచి, దీనిని మీ అధికారికి కానుకగా ఇచ్చి చూడరాదా, అతడు మిమ్మును మెచ్చునా అని అడిగెను. ఈ ప్రశ్న మన సీమవారికి తగిలినట్లు మరియెవరికిని తగులదు. విద్వద్గద్వాల అని పండితలోకము కొనియాడిన సంస్థానము మన యెదుట నిలిచిన సీమ ఇది. కార్తీక మాఘ మాసములలో ఆంధ్రదేశపు నలుమూలల నుండి కవులును శాస్త్రవేత్తలును ఆ కోటకు వచ్చి, విద్య చూపి, సత్కారములు పొందిరి. అట్టి సభలో నిలువబోవు కవి నిరుటి పద్యమునే ఈ యేడును చదువుటకు సాహసించునా? పదము పదమును తూచుకొనుచు, యతి యతిని సరిచూచుకొనుచు త్రోవ నడచును. మన్ను పాలించిన ప్రభువు ఎదుట అంత సంసిద్ధతతో నిలిచిన నేలపైన, మన్నును మనలను సృజించిన ప్రభువు ఎదుట గత ఆదివారపు ప్రార్థనను, అవే విశేషణములతో, అదే వరుసలో, నడుమ నడుమ ఇంటికి తాళము వేసితినా లేదా అని తలంచుకొనుచు అప్పగించిపోవుట న్యాయమగునా?

వెనుక ద్వారమున నిలిచిన సోదరులారా, లోనికి రండు. ముందు చాపలు ఖాళీగానే ఉన్నవి. ఒక్కమాట చెప్పక విడువను. కొత్తకోటకు పోవు బస్సు మీ కొరకు నిలువదని ఎరిగి అర్ధగంట ముందుగనే బస్టాండు చేరుదురు. ప్రభువు మీ కొరకు నిలుచునని ఎరిగి రెండు కీర్తనలైన పిమ్మట వత్తురు. ఆయన ఓర్పు మన ఆలస్యమునకు అనుమతిపత్రము కాదు. పసిబిడ్డల నెత్తుకొని, ఇంటిపని ముగించుకొని, పల్లెల నుండి నడచివచ్చిన తల్లులను నేననుట లేదు. వాక్యము మొదలుపెట్టినప్పుడు పోవుదము లెమ్మని చెట్టు క్రింద ముచ్చటలాడుచు కూర్చున్న వారిని అనుచున్నాను. కీర్తనలు వాక్యమునకు ముందటి కాలక్షేపము కావు.

కీర్తనల మాట వచ్చినది గనుక ఇక్కడ కొంత నిలుతము. మీ చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి కీర్తనల శిరస్సులను చూడుడు: రాగము పేరును తాళము పేరును అచ్చువేసి యుండును. 1803లో జన్మించి 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరి మొదలైన తొలితరము కవులు క్రీస్తును గూర్చి పాడుటకు పరదేశపు బాణీల కొరకు కనిపెట్టుకొని యుండలేదు. తాము పుట్టి పెరిగిన సంగీతములో, తమ కంట నీరు పెట్టించు రాగములో పాడుకొనిరి. రాగతాళములను ఏల నిర్ణయించిరి? దుఃఖమునకు తగిన స్వరము దుఃఖమునకును, ఉత్సాహమునకు తగిన నడక ఉత్సాహమునకును ఉండవలెనని గదా! నేడు మనము సిలువ కీర్తనను పెండ్లి కీర్తనను ఒక్క వేగమున పాడుచున్నాము. వేళ చాలదని నాలుగు చరణములలో రెండింటిని విడుచుచున్నాము. విడిచిన ఆ చరణములోనే కవి తన పాపమును ఒప్పుకొని యుండిన యెడల, మనము ఒప్పుకోలు లేకయే స్తుతికి చేరిన వారమగుదుము. క్రొత్త కీర్తన పాడవలెనని కీర్తనల గ్రంథము పలుమారులు కోరుచున్నది గదా. అది క్రొత్త పుస్తకము కొనుమనుట కాదు. మొన్న పొందిన కృపను మనస్సున నిలుపుకొని తాతల నాటి కీర్తనను పాడినవాడు క్రొత్త కీర్తనయే పాడినవాడు.

పెద్దలు మన్నింతురు గాక, వారిచ్చిన అంశమును ఇక్కడ విడుచుచున్నాను. అలవాటును ఖండించుచు పోవుచుండగా లేవీయకాండము నన్ను అడ్డగించుచున్నది. అంతకంటె లోతైన మాట ఆ గ్రంథము ఆరవ అధ్యాయమున 10 నుండి 13 వరకు గల వచనములలో ఉన్నది. దహనబలి విధి అది. సంవత్సరమున బైబిలు ముగింపవలెనని పూనుకొన్న వారు తొందరగా దాటిపోవు భాగము.

బలిపీఠముపై అగ్ని ఆరిపోరాదని ఆజ్ఞ. ఆ అగ్నిని తెచ్చినదెవరు? తొమ్మిదవ అధ్యాయపు చివర చూడుడు; అది దేవుని సన్నిధి నుండి బయలుదేరి వచ్చినది. మనుష్యుడు దానిని పుట్టింపలేదు. అయినచో మనుష్యునికి మిగిలిన పని యేమి? ప్రతి ఉదయమును కట్టెలు పేర్చుట. దానికి ముందు, రాత్రియంతయు కాలి మిగిలిన బూడిదను ఎత్తుట. ప్రతి ఉదయమును! అదే వేళకు, అదే క్రమమున, అవే చేతులతో. ఇది అలవాటు గాక మరేమి? కనుక అలవాటును నిందింపకుడు. దేవుడే దానిని నియమించెను. ఆదివారమున కాళ్లు తమంత తామే మందిరము వైపు నడచుట కృపయే. మనకు శత్రువు వేరొకటి ఉన్నది; అది ఎత్తని బూడిద.

ఆ బూడిద యేమిటో తెలిసికొనుట ముఖ్యము. అది చెత్త కాదు, అపవిత్రము కాదు. నిన్న దేవుడు అంగీకరించిన బలియే నేడు బూడిదయైనది. అందుచేతనే యాజకుడు నారబట్టలు ధరించి దానిని ఎత్తవలెను. పిదప వస్త్రములు మార్చుకొని పాళెము వెలుపల పవిత్రమైన చోటికి కొనిపోవలెను. ఎంత మర్యాదయో చూచితిరా! మర్యాద చేయుము, అయితే బలిపీఠముపై మాత్రము ఉంచకుము అని దేవుడు చెప్పుచున్నాడు. మన తల్లులు తెల్లవారుజామున పొయ్యిలోని బూడిద నెత్తి, అలికి, ఆ పిదపనే క్రొత్త పుల్లలు పెట్టుదురు; ఎత్తని నాడు గాలి ఆడదు, పొగ లేచును, కన్నులు మండును, అన్నము ఉడుకదు. నిస్సారమైన ఆరాధన కపటము నుండి మాత్రమే పుట్టునని అనేకులు తలంతురు. నిన్నటి యథార్థమైన ఆరాధనను ఎత్తక విడిచినను అదే పుట్టును! ఒకనాడు మీ హృదయమును చీల్చుకొని వచ్చిన ప్రార్థనావాక్యమే, ఇరువది యేండ్లు తిరిగి తిరిగి పలుకగా, నేడు నాలుకపై బూడిదయైనది. ఒకనాడు విన్నవారిని ఏడ్పించిన సాక్ష్యమే, నేడు పిల్లలు సహితము తరువాతి మాటను ముందుగా అందించునంతగా ఆరిపోయినది. అబద్ధమగుట చేత కాదు, నిన్నటిదగుట చేత.

ఈ సత్యమును మన సంఘ చరిత్రకే పెట్టి చూతము. మనము మెన్నోనైట్ బ్రదరెన్ వారమని చెప్పుకొందుము. ఆ పేరు ఎక్కడ పుట్టినది? నేటి ఉక్రెయిను దేశములోని మొలోచ్నా ప్రాంతమున, 1860 జనవరి 6వ తేదిన, 18 మంది కుటుంబ పెద్దలు ఒక పత్రముపై సంతకములు చేసి మాతృసంఘము నుండి వేరుపడిరి. కారణమేమి? జీవితములో మారుమనస్సు కనబడకున్నను సంస్కారములు మాత్రము యథావిధిగా సాగిపోవుచున్నవని, అట్టి బల్ల యొద్ద కూర్చుండజాలమని. అంతకు మూడు శతాబ్దములకు పైగా పూర్వము, మెన్నోనైట్ అను పేరునకు మూలపురుషుడైన మెన్నో సైమన్సు తాను జరిపించుచున్న పూజను తానే నమ్మజాలక కొన్ని యేండ్లు నలిగి, 1536లో తన కతోలిక యాజక పదవిని విడిచెను. అనగా, హృదయము లేని ఆరాధనను భరింపజాలనివారి వంశము మనది. నాడు రష్యా ఏలుబడిలో నుండిన ఆ సంఘము నుండియే అబ్రహాము ఫ్రీసెను దంపతులు 1889లో బయలుదేరి నల్లగొండకు వచ్చిరి. 1904లో అమెరికా నుండి వచ్చిన దానియేలు బెర్గ్‌తోల్డు నాగర్‌కర్నూలులో పని నాటెను. గద్వాల క్షేత్రము 1937లో బాప్టిస్టుల చేతి నుండి మన మిషను చేతికి వచ్చెను.

ఇంత గొప్ప చరిత్ర! అయితే అది ఏమిటి? దేవుడు అంగీకరించిన నిన్నటి బలి. నారబట్టలు ధరించి, పవిత్రమైన చోట పెట్టదగినది. జూబిలీ పండుగలలో చెప్పుకొందము, పిల్లలకు నేర్పుదము. కాని ఆ 18 మంది పశ్చాత్తాపమును మన బలిపీఠముపై పేర్చి, ఇది మా ఆరాధన అని దేవునికి చూపజాలము. వారి కన్నీటితో మన కన్నులు తడియవు.

అగ్నిని గూర్చి ఒక హెచ్చరిక కూడ వినుడు. అగ్ని దిగివచ్చిన వెంటనే, పదవ అధ్యాయముననే, అహరోను కుమారులైన నాదాబు అబీహులు అన్యాగ్నిని తెచ్చిరి. ఆ కథ మీరెరుగుదురు. మన పితరులకును అదే జరిగినది. 1860లో చల్లదనమును వదలి బయటికి వచ్చినవారిలో కొందరు కొలది యేండ్లకే కేకలును గంతులును మోతవాద్యములునే ఆత్మకు గురుతులనిరి. తమవలె గంతులు వేయనివారిని వెలివేయుటకును సాహసించిరి. 1865 జూను మాసమున సహోదరులు కూడి, తప్పును తప్పని ఒప్పుకొని, ఆ మితిమీరిన పోకడలను దిద్దుకొనిరి. అయిదు సంవత్సరములలో రెండు అపాయములను చూచిన సంఘము మనది. కావున హృదయము అనగా ధ్వని అని అనుకొనకుడు. లౌడుస్పీకరు పెంచినచో అగ్ని పెరుగదు. ముంబయికో పూనాకో పనికి వలసపోయిన కుమారుని పేరు చెప్పుకొనుచు, చివరి చాపపై కూర్చున్న పాలమూరు తల్లి పెదవి కదలకుండ చేయు ప్రార్థన, మైకు పట్టిన మనలో అనేకుల ప్రార్థనల కంటె నిండు మంటతో మండుచున్నది. ఆమెకు ప్రతి ఉదయమును క్రొత్త కట్టె ఉన్నది. కుమారుని క్షేమమును గూర్చిన నేటి భయము, నేటి ఆశ.

మరి మనకు కట్టెలెక్కడ దొరకును? దూరము పోనక్కరలేదు. ఈ వారమున మీకు జరిగినదే కట్టె. చెల్లింపవలసిన అప్పు, పొరుగువానితో పడిన పేచీ, తగ్గిన జ్వరము, కురిసిన వాన, కురియని వాన, చేసిన తప్పు. వీనిలో ఒకదానినైనను పేరు పెట్టి దేవుని యెదుట పేర్చుడు. గత ఆదివారము మీరు చెప్పజాలని వాక్యము ఒక్కటైనను నేటి ప్రార్థనలో ఉండవలెను. అది లేనిచో బూడిదనే ఊదుచున్నారని గ్రహింపుడు.

పెద్దలకు మూడు మనవులు చేసి ముగింతును. కీర్తనకు ముందు దాని భావమును రెండు మాటలలో చెప్పించి, చరణములను విడువక, రాగమెరిగిన వారిచేత పాడింపుడు. సాక్ష్యమునకు లేచినవారిని ఈ నెలలో ప్రభువు చేసిన కార్యమును చెప్పుమని ప్రేమతో అడుగుడు. బల్ల సంస్కారమునకు ముందు శనివారమున, మాటలు లేని ఇండ్ల నడుమ మీరు నడువుడు. అర్పణమును విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమని ప్రభువు కొండమీద చెప్పినది బూడిద నెత్తు పనియే. ఈ పని ఘనమైనది కాదు, చేతులు మురికియగును, ప్రతివారమును చేయవలెను. యాజకుని మొదటి పని అదియే గనుక మీరును దానితోనే మొదలుపెట్టుడు. ఆమేన్.