స్థితప్రజ్ఞుఁడును షాకబ్జార్బరును

విజయవాడ ఆటోనగరులో నొక షెడ్డున, ఔత్సాహికుల కారుపందెమునకు సిద్ధపఱచుచున్న పాతబండి నుండి యూడదీసిన గ్యాసు షాకబ్జార్బరు కడ్డీని మేస్త్రి యరచేత నదిమి విడువఁగా, అది యెగిరిపడక, మొరాయింపక, మెల్లగా పైకి వచ్చుటఁ జూచి, గీత రెండవ యధ్యాయమున 54వ శ్లోకమందు స్థితప్రజ్ఞుఁ డెట్టివాఁడని యర్జునుఁ డడిగిన ప్రశ్నను దలంచితిని. సుఖదుఃఖములు సోఁకనివాఁడే స్థితప్రజ్ఞుఁడందురు కొందఱు; నాకది సమ్మతము కాదు. స్ప్రింగు దెబ్బను దాఁచుకొని తిరిగి తన్నును (మనలోఁ బెక్కుమంది స్ప్రింగులమే). షాకబ్జార్బరో, పిస్టను సన్నని రంధ్రములగుండ నూనెను ద్రోసి, ఆ యూపును వేడిగా మార్చి గాలికి విడుచును. మిక్కిలి బిగించినచోఁ జక్రము గుంటలోనికి దిగక నేలను విడుచును. వదలించినచో మలుపు దాఁటినను బండి యూఁగుచునే యుండును. నల్లరేగడి యుబ్బి క్రుంగిన డెల్టా నేలను దలఁచి కాఁబోలు, మేస్త్రి మీట త్రిప్పుచు, "ఒక్క క్లిక్కు వదులు చేద్దాం బాబుగారూ, చక్రానికి నేల తెలియాలి గదా" యనెను.