ముందు నిద్ర, తర్వాత బోధ



ఈసారి నిద్ర గురించి మాట్లాడుకుందాం. నిద్రకూ ధమ్మానికీ ఏం సంబంధం అనుకోకండి. నేను చేసిన ఒక తప్పు వల్లే ఈ మాటలు రాస్తున్నాను.

మిరప కోతలు జోరుగా సాగే ఫిబ్రవరి నెల. మా పేటలో రాత్రి తొమ్మిదింటికి బుద్ధ వందన పెట్టాం. త్రిశరణం, పంచశీలం అయ్యాయి. నేను ప్రసంగం మొదలుపెట్టాను. ముందు వరసలో కూర్చున్న ఒక అక్క గోడకు ఒరిగి నిద్రపోయింది. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకు కోపం వచ్చింది. "ధమ్మం చెబుతుంటే నిద్రేంటక్కా? మనం మేలుకోవాల్సిన జనం కదా!" అని మైకులోనే అనేశాను. ఆమె పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఒక్క మాట అనలేదు.

మర్నాడు వాళ్లింటికి వెళితే ఆమె పనికి పోయింది. వాళ్లత్త చెప్పింది: "పొద్దున మూడున్నరకే లేచిద్దయ్యా. వంట చేసి, క్యారేజీలు కట్టి, ఐదున్నరకల్లా ఆటో ఎక్కాల. పొద్దుగూకినాక వచ్చి మళ్లీ పొయ్యికాడికే. పడుకునేతలికి పదకొండు. పది రోజులబట్టి జలుబూ దగ్గూ వదల్లా. నువ్వు మీటింగు పెట్టావని, రాకపోతే బాగోదని వచ్చింది."

లెక్క వేసుకున్నాను. నాలుగున్నర గంటల నిద్ర. నలుగురిలో నేను మందలించింది ఆ మనిషినా అని సిగ్గేసింది. అప్పుడు ఆళవి రైతు కథ గుర్తొచ్చింది.

తథాగతుడు ఒకసారి ఆళవి పట్టణానికి వెళ్లాడు. ధమ్మం వినాలని ఒక పేద రైతు ఆశపడ్డాడు. ఆ రోజే అతని ఎద్దు తప్పిపోయింది. దాన్ని వెతికి, మందలో కలిపి, తిండి కూడా తినకుండా పరుగున వచ్చాడు. అప్పటిదాకా బుద్ధుడు బోధ మొదలుపెట్టకుండా అతని కోసమే ఎదురుచూశాడు. అతను రాగానే ముందు అన్నం పెట్టించాడు. కడుపు నిండి, ఒళ్లు కుదుటపడ్డాకే ధమ్మం చెప్పాడు. ఇదేమిటని భిక్షువులు గుసగుసలాడితే, ఆకలితో ఉన్నవాడికి బోధ తలకెక్కదని వివరించాడు. ఆకలిని మించిన రోగం లేదన్నాడు.

ఆకలికి ఏ న్యాయమో నిద్రకూ అదే న్యాయం. తథాగతుడు అన్నం పెట్టించిన చోట నేను మైకు పట్టుకుని మందలించాను.

ఆ అక్క దగ్గు తగ్గకపోవడానికీ నిద్రకూ సంబంధం ఉందా? ఉంది. మన వాళ్లు కొందరు ఇప్పటికీ జబ్బు చేస్తే పూర్వజన్మ కర్మ అంటారు, అమ్మవారి కోపం అంటారు. బుద్ధుడు కారణం వెతకమన్నాడు. కారణం తీసేస్తే ఫలితమూ పోతుందన్నాడు. కాబట్టి కారణమే చూద్దాం.

మనం పడుకున్నాక ఒళ్లు ఊరికే ఉండదు. గాఢనిద్రలో ఒత్తిడి హార్మోను తగ్గుతుంది. జబ్బుతో పోరాడే కణాలు తమ స్థావరాలకు చేరతాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్లలు కడతాయి చూడండి, అలాంటి స్థావరాలకు. పగలు ఒంట్లో దూరిన క్రిమిని గుర్తుపట్టి, మళ్లీ వస్తే ఎలా ఎదుర్కోవాలో ఆ కణాలు నేర్చుకునే పనికి నిద్ర తోడ్పడుతుంది. నిద్ర తెగితే ఆ పని సగంలో ఆగుతుంది.

అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల నిద్రను వారం పాటు కొలిచి, తర్వాత వాళ్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలు దాటి నిద్రపోయేవాళ్లతో పోలిస్తే, ఆరు గంటల లోపు పడుకునేవాళ్లకు జలుబు పట్టే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనబడింది. ఆ ఫలితం 2015లో అచ్చయింది. అంతకుముందు 2002లో వచ్చిన మరో పరిశోధనలో కొందరు యువకులను వరుసగా ఆరు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి, ఆ మధ్యలో ఫ్లూ టీకా వేశారు. పది రోజులకు చూస్తే, మామూలుగా నిద్రపోయినవాళ్లకు తయారైన యాంటీబాడీల్లో సగం కూడా వీళ్లకు లేవు. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు.

అలాగని నిద్రే మందు అనుకోవద్దు. టీబీకి టీబీ మందు వాడాల్సిందే. సుగరుకు సుగరు మందు మింగాల్సిందే. ఆ మందుతో పాటు ఒంటికి విశ్రాంతి కూడా ఇవ్వాలని నా మాట.

మరి హాయిగా నిద్రపోయేదెవరు? ఈ ప్రశ్న తథాగతుణ్ణే అడిగారు. అదే ఆళవిలో, చలికాలంలో, పశువులు తొక్కి గట్టిపడిన నేల మీద ఆకులు పరుచుకుని ఆయన కూర్చున్నాడు. హత్థకుడు అనే అతను వచ్చి, రాత్రి సుఖంగా నిద్రపట్టిందా అని అడిగాడు. పట్టిందన్నాడు బుద్ధుడు. గాలి చొరబడని మేడలో, మెత్తని పరుపు మీద పడుకున్నా రాగం, ద్వేషం, మోహం లోపల మండుతుంటే నిద్ర రాదనీ, వాటిని తాను వదిలేశాననీ చెప్పాడు.

ఈ సూత్రాన్ని చూపించి, ఆకుల మీద పడుకున్నా చాలు, మనసు బాగుంటే నిద్ర అదే వస్తుందని కూలివాళ్లకు చెప్పేవాళ్లుంటారు. అది సగం మాటే. గృహస్థుడి సుఖాల్లో అప్పు లేకపోవడం ఒకటని చెప్పినవాడూ బుద్ధుడే. తామర పురుగు తినేసిన మిరప చేను చూసి వచ్చిన కౌలు రైతుకు, నూటికి మూడు రూపాయల వడ్డీ తలుచుకుంటే కునుకు పట్టదు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ తర్వాత మన పల్లెల్లో ఎంతమంది చిన్న అలికిడికే లేచి కూర్చునేవాళ్లో పెద్దవాళ్లను అడగండి. భయం లేని రాత్రి కోసం చేసే పోరాటం కూడా నిద్ర కోసమే. మనసును చల్లబరచుకోవాలి, బయటి కారణంతోనూ పోరాడాలి.

పనివాళ్లకు శక్తికి తగిన పనే చెప్పాలనీ, జబ్బు చేస్తే చూసుకోవాలనీ, వేళకు సెలవివ్వాలనీ సిగాలోవాద సూత్రం యజమానికి విధి పెట్టింది. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ మండలిలో కార్మిక సభ్యుడిగా ఉండి ఎనిమిది గంటల పనిదినం కోసం కృషి చేశారు. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 48 గంటలు చేశారు. అయితే అది ఫ్యాక్టరీలకు. మిరప చేనుకు, పత్తి చేనుకు, మన వంటింటికి ఆ సవరణ వర్తించలేదు. వంటింటి చట్టం మాత్రం మన చేతిలోనే ఉంది. మగవాళ్లు అన్నం వండితే, గిన్నెలు తోమితే, నీళ్లు పడితే ఆమెకు ఒక గంట నిద్ర మిగులుతుంది. దానికి ఏ ప్రభుత్వం జీవో ఇవ్వక్కర్లేదు.

ఇక చేయగలిగినవి కొన్ని.

రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవండి. సీజన్లో రాత్రి నిద్ర చాలకపోతే మధ్యాహ్నం అన్నం తిన్నాక చెట్టు కింద ఇరవై నిమిషాలు కన్ను మూయండి. అది సోమరితనం కాదని మేస్త్రీకి ముఠా అంతా కలిసి చెప్పండి.

మిరప కోసి వచ్చినా, మందు కొట్టి వచ్చినా సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా మంచం ఎక్కొద్దు. ఆ బట్టలు విడిగా ఉతకండి. ఘాటూ, పురుగుమందూ పక్కలోకి, పిల్లల దగ్గరకు రాకూడదు.

కాలనీ స్లాబు ఇళ్లు ఎండాకాలం రాత్రి కూడా సెగ కక్కుతుంటాయి. పొద్దు వాలాక డాబా మీద నీళ్లు చల్లండి, కిటికీలు తెరవండి, దోమతెర కట్టండి.

సాయంత్రం నాలుగు దాటాక టీ మానండి. పడుకునే ముందు గంట సేపు సెల్లు పక్కన పెట్టండి.

మందు తాగితేనే నిద్ర పడుతుందనే అన్నలకు ఒక మాట. తాగినవాడికి కునుకు తొందరగా వస్తుంది, తెల్లవారుజాముకు ముందే చెదిరిపోతుంది. ఐదో శీలం పాటించినవాడికి మందు వల్ల నిద్ర తెగదు.

పక్క మీదకు చేరాక పది నిమిషాలు మైత్రీ భావన చేయండి. మైత్రిని అలవాటు చేసుకున్నవాడు సుఖంగా నిద్రపోతాడు, సుఖంగా లేస్తాడు, పీడకలలు కనడు అని తథాగతుడు దాని ఫలితాల్లో మొదటగా చెప్పాడు. రాత్రి నడిజామును ఆయన నిద్రకే కేటాయించాడు. కుడివైపు తిరిగి, ఎరుకతో పడుకోమన్నాడు. మన కృష్ణా తీరంతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు కూడా రాజుకు రాసిన సుహృల్లేఖలో నిద్ర సైతం వృథా కాకుండా ఎరుకతో పడుకోమని చెప్పాడు.

గురక మధ్యలో ఊపిరి ఆగుతున్నా, నెలల తరబడి నిద్ర పట్టకపోయినా డాక్టరుకు చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గుకు పీహెచ్‌సీలో కళ్లె పరీక్ష ఉచితం. నిద్రమాత్రలు షాపులో అడిగి కొనుక్కోవద్దు.

ఆ అక్కకు తర్వాత క్షమాపణ చెప్పాను. ఆమె నవ్వి, "పోనీలే తమ్ముడూ, ఆదివారం సాయంత్రం పెట్టు, మెలకువగా వింటా" అంది. ఇప్పుడు మా వందన ఆదివారం ఆరింటికి. ఏడున్నరకల్లా ముగిస్తున్నాం. ఆమె దగ్గుకు పరీక్ష చేయించాం, టీబీ కాదని తేలింది. పొద్దున వంట ఇప్పుడు వాళ్లాయన చేస్తున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువవుతోందట, అయినా ఆమె ఐదింటిదాకా పడుకుంటోంది.

ఈ కరపత్రం చదివాక మీ ఇంట్లో అందరికంటే తక్కువ నిద్రపోయేది ఎవరో చూడండి. ఆ మనిషికి ఈ రాత్రి నుంచే ఒక గంట ఇవ్వండి. అదీ దానమే.

నమో బుద్ధాయ! జై భీమ్!