దిష్టీ, దిట్ఠీ, ఒక కళ్ళజోడూ

 

ఈసారి పెద్ద సుత్తాలతో మొదలుపెట్టను. మన పిఠాపురంలో, మన పేటలోనే ఒక ఇంట్లో కొన్నేళ్ళ కిందట జరిగిన సంగతి చెబుతాను. పేర్లు అక్కర్లేదు. చదువుతుంటే మీ ఇంటి సంగతే అనిపిస్తే అది నా తప్పు కాదు.

ఆరేళ్ళ పాప. ఇంట్లో బొమ్మల పుస్తకం ఇస్తే ముక్కుకి ఆనించుకుని గడగడా చదివేసేది. బడిలో మాత్రం బోర్డు మీద ఉన్నది రాయమంటే పక్క పిల్ల పలకలోకి చూసేది. "మొద్దు, చూసి రాస్తుంది" అని పేరు పడింది. పేరు పడ్డాక వెనక వరసకి పంపేశారు. వెనక్కి వెళ్ళాక ఆ కనపడే కాస్తా కనపడ్డం మానేసింది.

బోర్డంటే బాబాసాహెబ్ చదువుకున్న రోజులు గుర్తొస్తాయి. చిన్నప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద అందరికీ దూరంగా కూర్చున్నారు. తర్వాత బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిస్తే, బోర్డు వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని మిగతా పిల్లలు పరుగెత్తుకెళ్ళి తీసేసుకున్నారు. మన పాపని కులం చూసి వెనక కూర్చోబెట్టారని నేననను. కానీ ఎందుకు రాయలేకపోతుందో ఎవరూ అడగలేదు. అడక్కుండానే తీర్పు చెప్పేశారు.

ఇంట్లో ఏం జరిగింది? అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. గోడ మీద 22 ప్రతిజ్ఞల పటం ఉంది. ఆ పటం కిందే నానమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. "పిల్లకి దిష్టి తగిలిందండీ" అంది. నల్లతాడు కట్టించింది. నాలుగు నెలలు పోయాయి. తగ్గకపోయేసరికి ఇంకో మాటంది: "కిందటి జన్మలో ఎవరి కళ్ళల్లో కారం కొట్టిందో, ఇప్పుడనుభవిస్తుంది."

ఆవిడ్ని తిట్టడానికి చెప్పడం లేదు. వరిచేలల్లో నడుం వంచి నాట్లేసి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. ఆ పాపంటే ప్రాణం. కానీ అమ్మా, అయ్యా, ఆ మాట ఎక్కడిదో ఒక్కసారి ఆలోచించండి. మనల్ని ఊరికి దూరంగా ఉంచినవాళ్ళు ఏం చెప్పారు? కిందటి జన్మలో పాపం చేశారు గనుక ఈ కులంలో పుట్టారన్నారు. మనల్ని తొక్కిన మాట అదే, ఇప్పుడు మన ఇంట్లో, మన నోటితో, మన పిల్ల మీద.

బుద్ధుడు దీనికి సూటిగా జవాబు చెప్పాడు. సంయుత్త నికాయంలో ఉంది. శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి పడే సుఖదుఃఖాలన్నీ పూర్వం చేసుకున్న కర్మ వల్లేనంటారు కొందరు, మీరేమంటారని అడిగాడు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసి, రుతువు మారడం వల్ల, ఒళ్ళు సరిగా చూసుకోకపోవడం వల్ల, దెబ్బ తగిలి కూడా బాధలొస్తాయి, అది ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది, లోకం కూడా ఒప్పుకుంటుంది అన్నాడు బుద్ధుడు. కర్మని ఎనిమిదోదిగా, చివర్న చెప్పాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు తాము ఎరిగినదాన్ని దాటి మాట్లాడుతున్నారన్నాడు. బాబాసాహెబ్ కూడా "బుద్ధుడు, ఆయన ధమ్మం"లో గతజన్మ కర్మ సిద్ధాంతాన్ని బుద్ధుడికి అంటగట్టడం తప్పని వాదించారు.

మరి చక్ఖుపాల థేరుడి కథో, అని ఒక ఉపాసకుడు నన్నడిగాడు. మంచి ప్రశ్న. ధమ్మపదం మొదటి గాథకి చెప్పే కథ అది. ఆ థేరుడు వర్షావాసం మూడు నెలలూ నడుం వాల్చనని పట్టు పట్టాడు. కళ్ళకి జబ్బు చేసింది. పడుకుని మందు వేసుకోమన్నాడు వైద్యుడు. ఆయన కూర్చునే వేసుకున్నాడు. కళ్ళు పోయాయి. కథ చివర, పూర్వజన్మలో ఆయనే ఒక వైద్యుడై ఒకామె కళ్ళు పోగొట్టాడని తగిలించారు. ఆ తోక అట్ఠకథలోది. దాన్ని పక్కనపెట్టి కథ మళ్ళీ చదవండి. కళ్ళెందుకు పోయాయి? వైద్యుడు చెప్పినట్టు మందు వేసుకోనందుకు! కారణం కథలోనే కళ్ళెదురుగా ఉంటే, వెతకడానికి కిందటి జన్మదాకా వెళ్ళారు.

మన పాప సంగతికొద్దాం. 2019 అక్టోబరు 10న, ప్రపంచ దృష్టి దినం నాడు, మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలైంది. ముందుగా బడిపిల్లల కళ్ళే చూశారు. పాప పైన ఉన్న పెద్ద అక్షరం తప్ప చదవలేకపోయింది. కాకినాడ తీసుకెళ్తే డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: కంటిగుడ్డు ఉండాల్సినదానికంటే కాస్త పొడవుగా ఉంటే, దూరాన్నుంచి వచ్చే వెలుగు లోపలి తెర మీద కాకుండా దానికి ముందే కలిసిపోతుంది. అందుకే దగ్గరిది బాగుంటుంది, దూరానిది మసక. మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉండే అద్దం పెడితే ఆ వెలుగు వెనక్కి జరిగి సరిగ్గా తెర మీద పడుతుంది. అంతే. దుఃఖం ఉంది, దానికి కారణం ఉంది, కారణానికి ఉపాయం ఉంది. ఆ డాక్టరమ్మ ఏ మతమో నాకు తెలీదు గానీ చెప్పింది మాత్రం ధమ్మమే.

"ఇన్నాళ్ళూ కనపడ్డం లేదని చెప్పలేదేమే?" అని తల్లి అడిగింది. "అందరికీ ఇలాగే కనపడుతుందనుకున్నానమ్మా" అంది పాప.

అవిజ్జ అంటే ఏమిటని మీరు నన్నడుగుతుంటారు. ఇదే. చూస్తున్నది మసకని చూసేవాళ్ళకే తెలియకపోవడం. మన పక్కనే కొడవలి ఉంది. శాతవాహనరాజు చండసాతి నాటి శాసనం దొరికిన చోటు. ఆ కొండ మీదవి బౌద్ధుల కట్టడాల శిథిలాలు. జనం నోట దాని పేరు ధనందిబ్బ! ఎదురుగా ఉన్నా, అది మన బుద్ధుడి చోటని మనకెవరు చెప్పారు?

మనం తీయించుకునే దిష్టీ, బుద్ధుడు చెప్పిన సమ్మాదిట్ఠిలోని దిట్ఠీ ఒక్క మాటే. రెండూ దృష్టి నుంచి వచ్చినవే. మనవాళ్ళు దాన్ని తీసెయ్యాలని చూస్తారు. ఆయన సరిచేసుకోమన్నాడు.

కళ్ళజోడొచ్చిన రోజు నానమ్మ ఏడ్చింది. "ఆడపిల్లకి కళ్ళజోడేటండీ, రేపు పెళ్ళెలాగవుద్ది?" అని. పాప వినిపించుకోలేదు. వీధి మొగలో విగ్రహం దగ్గర నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ దానికి ఆ విగ్రహం ఒక నీలంకోటు, ఎత్తిన చెయ్యి, అంతే. ఇంటికి పరుగెత్తుకొచ్చి, "నానమ్మా, అంబేద్కర్ తాతకీ కళ్ళజోడుందే!" అంది. ఆవిడ నవ్వేసింది. నల్లతాడు మాత్రం ఆ రోజు తీయలేదు. ఇంకో నెల పట్టింది.

ఒక్క సంగతి గట్టిగా చెబుతున్నాను. ఒక కన్నే మసకైతే పిల్లలకీ తెలీదు, మనకీ తెలీదు. రెండో కంటితో నెట్టుకొచ్చేస్తారు. మెదడు ఆ మసక కన్నుని వాడ్డం మానేస్తుంది. ఏడెనిమిదేళ్ళ లోపు పట్టుకుంటే బాగుచెయ్యొచ్చు, వయసు దాటేకొద్దీ కష్టం. నాలుగు నెలల దిష్టి తీతలు అందుకే నాకు భయం.

వచ్చే పౌర్ణమికి పిల్లల్ని విహారానికి తీసుకురండి. గోడ మీద పంచశీల రాసుంది కదా, దానికి ఇరవై అడుగుల దూరంలో సుద్దతో గీత గీస్తాం. ఒక్కొక్క కన్నూ మూసి చదివిస్తాం. చదవలేనివాళ్ళని సోమవారం పొద్దున్నే కాకినాడ బస్సెక్కిద్దాం. గీత దగ్గర నిలబడి పిల్లల కళ్ళు మూసే పని ఆ పాప నానమ్మ తీసుకుంది.