పంచే చేతికి పేరుండాలి

పండగకి పిండివంటలు చెయ్యడం మానెయ్యాలా, అక్కర్లేదా? ఆడవాళ్ళం నలుగురం కూర్చున్న చోట ఈ మాట వచ్చినప్పుడల్లా రెండు జవాబులు వింటూంటాను. ఒకటి, "ఆ పొయ్యి దగ్గర్నించి ముందు లేవండి. కావాలంటే కొట్లో దొరుకుతాయి" అని. రెండోది, "మన చేత్తో చేసి పదిమందికి పెట్టుకుంటే వచ్చే తృప్తి కొట్లో దొరుకుతుందా?" అని. రెండింట్లోనూ కొంత నిజం ఉంది కానీ ఏ ఒక్కదానితోనూ నాకు సమాధానం కుదరదు. మొదటిది చాకిరీని చూసి సంబంధాన్ని వదిలేస్తోంది. రెండోది సంబంధాన్ని చూపించి చాకిరీని దాచేస్తోంది. నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న వేరే. ఇవ్వడం మంచి పనే అనుకుందాం. ఇచ్చేది ఎవరు?

నేను పదకొండేళ్ళుగా అరకులోయలో టీచరుగా పనిచేస్తున్నాను. మా అత్తవారిది విజయనగరం. డిసెంబరు వచ్చిందంటే నా నోటుపుస్తకం చివరి పేజీలో ఒక జాబితా మొదలవుతుంది. క్రిస్మస్‌కి స్కూల్లో తోటి టీచర్లకి, చర్చికి వెళ్ళే ఇరుగుపొరుగుకి చోడిపిండి కేకులు. ఇక్కడ మాలాంటివాళ్ళ ఇళ్ళలో ఓవెన్‌లు ఉండవు. కుక్కర్ అడుగున ఇసక పోసి, గాస్కెట్టూ వెయిటూ తీసేసి, సన్నసెగ మీద ముప్పావుగంట. సంక్రాంతికి అరిసెలు, పోకుండలు, జంతికలు, సున్నుండలు. అత్తగారింటికి ఇన్ని, ఆడపడుచుకి ఇన్ని, మరిదికి షుగరు కాబట్టి జంతికలు ఎక్కువ, పెద్దమావయ్య గారికి పళ్ళు లేవు కాబట్టి సున్నుండలు మెత్తగా. అనంతగిరి ఘాటు దిగి, శృంగవరపుకోట మీదుగా విజయనగరం చేరేసరికి డబ్బాల్లో అరిసెలు విరక్కుండా మధ్య మధ్య కాయితాలు.

అరిసెల సంగతి చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బియ్యం ముందురోజే నానబెట్టాలి. మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టాక తడి ఆరకుండా మరకి పట్టుకెళ్ళాలి. తడిపిండి ఆడే మర ఆ రోజు తీసి ఉండాలి, కరెంటు ఉండాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. ఇక్కడికి ఘాటెక్కి వచ్చే బెల్లానికి పెద్ద మార్కెట్టు అనకాపల్లి. పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. ఒక్క నిమిషం తక్కువైతే అరిసె నూనెలో విడిపోతుంది, ఎక్కువైతే రాయి. మన్యం చలిలో చలిమిడి గిన్నెలోనే గట్టిపడిపోతుంది కాబట్టి ఒకరు కలుపుతుంటే ఒకరు ఒత్తాలి, ఇంకొకరు వేయించాలి, నాలుగోవారు పీట మీద నొక్కి నూనె పిండాలి. ఇది ఒక మనిషి పని కాదు. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబంలో, వీధి అరుగుల మీద అయిదారుగురు ఆడవాళ్ళు చేరి చేసిన వంట. కుటుంబాలు చిన్నవైపోయాయి. వంట మాత్రం అంతే ఉంది.

చెయ్యడం కంటే పెద్ద పని అనుకోవడం, గుర్తుపెట్టుకోవడం. కిందటేడు ఎవరు మనకి ఏం పంపారు, ఎవరింట్లో ఏటి సూతకం ఉంది, ఎవరికి పంపకపోతే నిష్ఠూరం. ఈ పనికి ఒక పేరు పెట్టిన మనిషి ఉంది. అమెరికాలో మికేలా డి లియోనార్డో అనే మానవశాస్త్రజ్ఞురాలు 1987లో 'సైన్స్' అనే స్త్రీవాద పత్రికలో పండగలూ గ్రీటింగు కార్డుల గురించి ఒక వ్యాసం రాసింది. 'సైన్స్' అంటే విజ్ఞానశాస్త్రం కాదు, సంకేతాలు అని. కాలిఫోర్నియాలో ఇటాలియన్ మూలాలున్న కుటుంబాలను చూసి ఆమె చెప్పిన మాట ఏమిటంటే, ఆడవాళ్ళు ఇంటిపని, జీతప్పని కాకుండా మూడో పని కూడా చేస్తున్నారు, అది బంధుత్వాన్ని నిలబెట్టే పని. కార్డులు రాయడం, ఫోన్లు చెయ్యడం, పండగ విందులు నడపడం. ఆ పని ఆగిపోతే చుట్టరికాలు ఆగిపోతాయి. మగవాడి తరఫు చుట్టాలతో సంబంధాన్ని కూడా కోడలే నిలబెడుతుంది. అది బరువని మాత్రమే చెప్పి ఆమె ఊరుకోలేదు. ఆడవాళ్ళు దాన్ని వదులుకోకపోవడానికి కారణం ఉంది, దానివల్ల వాళ్ళకి ఒక అల్లిక, కొంత బలం దొరుకుతున్నాయి అని కూడా చెప్పింది. చదివినప్పుడు ఇది విజయనగరం గురించి రాసిందా అనిపించింది నాకు.

మన దేశంలో 2024లో జరిగిన కాలవినియోగ సర్వే లెక్క ప్రకారం ఇంటిపనిలో పాల్గొనే స్త్రీలు రోజుకి 289 నిమిషాలు జీతం లేని ఇంటిచాకిరీకి పెడుతున్నారు. పురుషులు 88 నిమిషాలు. 2019లో ఈ అంకెలు 299, 97. అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! సరే, బస్సులో నిలబడి "బెల్లం రెండు కిలోలా, మూడా" అని లెక్కేసుకునే నిమిషాలు ఇందులో ఏ గడిలో పడతాయి?

మార్సెల్ మాస్ అనే ఫ్రెంచి పండితుడు 1925లో కానుకల మీద పుస్తకం రాశాడు. కానుక అనేది ఎప్పుడూ ఉత్తిచేతి ఉదారం కాదు, ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగివ్వాలి అనే మూడు బాధ్యతలు అందులో ఉంటాయన్నాడు. మన అమ్మమ్మలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి పంపకూడదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వెయ్యాలి. ఇక్కడ మా పక్క ఊరి కొండదొర ఆవిడ ఒకామె ఉంది. నేను అరిసెలు పెట్టి పంపిన డబ్బాలో ఆవిడ చిక్కుడు గింజలు పోసి పంపుతుంది. ఒకసారి నేను విజయనగరం డబ్బాలు సర్దుతుండగా వచ్చింది. వరసగా పెట్టిన డబ్బాలు చూసి, ఏది ఎవరికో నన్నడిగింది. అన్నీ చెప్పాను. "అన్నీ బాగున్నాయి మేడం, మీ డబ్బా ఏటి?" అంది. హాస్యానికే అంది. కానీ ఆ ప్రశ్నకి నేను ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను. ఎందుకంటే ఆ డబ్బాలు విజయనగరం చేరాక "అబ్బాయి అరిసెలు పంపాడు" అంటారు. అది అబద్ధం అని కూడా ఎవరికీ తోచదు. కానుకలో మూడు బాధ్యతలు ఉన్నాయి సరే, ఆ మూడూ మోసేది ఒకరు, ఇచ్చినవాడిగా పేరు పొందేది మరొకరు అయితే దాన్ని ఏమనాలి?

ఈ పేరు సంగతి ఇంకా క్రూరంగా కనబడింది మా పెద్దమ్మ దగ్గర. మా తరఫు వాళ్ళందరిలోకీ పాకం పట్టడంలో ఆవిడ చెయ్యి పెద్ద చెయ్యి. వేలు ముంచి చూసి "దించెయ్" అంటే ఇంక చూసుకోనక్కర్లేదు. ముప్పై అయిదేళ్ళకే భర్త పోయాడు. అప్పట్నించీ పాకం ఆవిడే చూసేది, చలిమిడి ఆవిడే కలిపేది. మూకుట్లో మొదటి అరిసె వెయ్యడానికి మాత్రం పాకం అంటే ఏమిటో తెలియని కొత్తకోడల్ని పిలిచేవారు. ఆవిడ నైపుణ్యం కావాలి, ఆవిడ శకునం వద్దు. పిండివంటలు మన సంస్కృతి అనేవాళ్ళు ఈ దృశ్యాన్ని కూడా కలుపుకునే ఆ మాట అంటున్నారా?

మరి కొనేస్తే? కొనడంలో తప్పేమీ లేదు. నేనూ కొంటాను. కానీ కొన్నంత మాత్రాన ప్రశ్న తీరిపోయిందనుకోవడం తొందరపాటు. ఊరూరా 'స్వగృహ' అని బోర్డులు చూస్తాం. ఎవరి స్వగృహం? లోపల పొయ్యి ముందు నిలబడ్డది మళ్ళీ ఆడవాళ్ళే. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆత్రేయపురం పూతరేకుల్ని తీసుకోండి. బోర్లించిన కుండ కింద మంట, ఆ కుండ మీద పిండిలో ముంచిన గుడ్డని పరిచి లాగే చెయ్యి. ఆ కాగితం లాంటి రేకు ఆడవాళ్ళు గంటల తరబడి సెగ దగ్గర కూర్చుంటే వస్తుంది. వాళ్ళకి కూలి వస్తుంది, అది మంచిదే. ఇంట్లో చేస్తే ప్రేమ అనిపించుకున్న పనే, బయట చేస్తే పని అనిపించుకుంటుంది. కనీసం అక్కడ దానికొక ధర ఉంది. ఆ ధర సరైనదేనా అని అడిగే వీలుంది. నేను డబ్బాలో ఏం కొంటున్నానో కాకుండా ఎవరి గంటలు కొంటున్నానో తెలుసుకోవడం నా వంతు.

ఈ కొండల మీద నాకు వేరే రకం పండగలు కనిపించాయి. కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. పంట చేతికొచ్చినా ఎవరింటికి వాళ్ళు తినెయ్యరు. రోజు అనుకుని, దేవతకి పెట్టి, ఊరంతా ఒకేసారి మొదలుపెడతారు. చైత్రంలో ఇటుకల పండగకి మగవాళ్ళు వేటకి పోతే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర కట్టి, పాడుతూ, వచ్చేపోయే బళ్ళని ఆపి డబ్బులు వసూలు చేస్తారు. ఆ డబ్బు పండగకే. కార్లలో వచ్చే పట్నంవాళ్ళు కొందరు దీన్ని చూసి "అడుక్కుంటున్నారు" అని విసుక్కోవడం విన్నాను. నాకు మాత్రం అది చూస్తే మరొకటి అనిపిస్తుంది. మైదానంలో మనకి ఆడదాని మంచితనం అంటే పెట్టడం. అడగడం అంటే సిగ్గుమాలినతనం. ఇక్కడ ఆడవాళ్ళు పండగపూట నవ్వుతూ, హక్కుగా అడుగుతున్నారు. పండగ అంటే ఆడవాళ్ళు పుచ్చుకునే రోజు కూడా కావచ్చునని నాకు మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

అలాగని కొండలమీదంతా సమానత్వమే అని రాస్తే అది మరో అబద్ధం. ముహూర్తం చెప్పే దిసారి మగవాడు. నీళ్ళూ కట్టెలూ మోసేది ఆడది. మైదానంలో మనం పిండివంటల జాబితాలు రాసుకునే నెలలే ఇక్కడ కాఫీపండు కోసే నెలలు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీని వలిసెపూల మధ్య ఫొటోలు తీసుకునేవాళ్ళు కప్పుల్లో తాగుతుంటే, పండిన గింజని పచ్చిదాన్నుంచి ఏరి ఒక్కొక్కటే కోసేవాళ్ళలో మా పిల్లల తల్లులు ఎందరో.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. మా స్కూల్లో చదివిన ఒక అమ్మాయి చదువు ఆగిపోయి పట్నంలో ఒకరింట్లో పనికి కుదిరింది. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి పప్పులు విసిరింది, పిండి జల్లించింది, నూనె మూకుళ్ళు తోమింది. పండగకి ఇంటికి వెళ్తానని అడిగితే చుట్టాలొస్తున్నారు, కుదరదన్నారు. భోగి వెళ్ళాక స్టీలు డబ్బా నిండా పిండివంటలు ఇచ్చారు. "చాలా పెట్టినారు మేడం" అంది ఆ పిల్ల, వాళ్ళని తప్పు పట్టకుండా. ఆ డబ్బా ఇచ్చిన గృహిణి చెడ్డమనిషి కాకపోవచ్చు. ఆమె కూడా నాలుగింటికే లేచి ఉంటుంది. ఆ అరిసెలకి ఆమెకీ పేరు దక్కి ఉండదు. కానీ సెలవు ఇవ్వాల్సిన చోట అరిసెలు ఇస్తే అది కానుక కాదు. ఇవ్వాల్సినవి ముందు ఇచ్చి, ఆ తర్వాత ఇవ్వాలనిపించింది ఇవ్వాలి. జీతం, సెలవు, నిద్ర, ఇవి బాకీలు. బాకీ మీద తీపి పూసి ఇస్తే పుచ్చుకున్న మనిషి అడిగే హక్కు కూడా పోగొట్టుకుంటుంది, పైగా కృతజ్ఞత చూపించాల్సి వస్తుంది. మన ఇళ్ళల్లో మగవాళ్ళు పండగకి చీర కొనిపెట్టి చేసేది కూడా ఇలాంటిదే కాదా?

అందుకని చెయ్యాలా మానాలా అన్న ప్రశ్నని నేను పక్కన పెట్టాను. బదులుగా మూడు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఈ పనిని వద్దనుకునే వీలు చేసేవాళ్ళకి ఉందా? వద్దనుకుంటే నింద పడుతుందా? ఇచ్చేటప్పుడు చేసినవాళ్ళ పేరు చెబుతున్నామా? వద్దనే వీలు లేకుండా ఇచ్చింది కానుక కాదు, పన్ను. ఈ లెక్కన చూస్తే నా జాబితాలో కొన్ని డబ్బాలు కానుకలు, కొన్ని పన్నులు. స్నేహితురాలికి పంపేది కానుక. పంపకపోతే మా అమ్మ పెంపకాన్ని అనేవాళ్ళకి పంపేది పన్ను.

ఈసారి జాబితాని నా నోటుపుస్తకంలో రాయలేదు. వంటింటి గోడకి క్యాలెండరు పక్కన అంటించాను, అందరికీ కనబడేలా. ఒక్కో పని పక్కన ఒక్కో పేరు. మరకి వెళ్ళడం, బెల్లం తురమడం, ఎవరికి ఏం పంపాలో వాళ్ళవాళ్ళ తరఫు చుట్టాల్ని గుర్తుపెట్టుకోవడం మా ఆయన పేరు మీద ఉన్నాయి. చుట్టాల పేర్లు రాయడానికి ఆయన వాళ్ళ చెల్లికి రెండుసార్లు ఫోను చేయాల్సొచ్చింది. రెండు కుంచాల బియ్యం ఒక కుంచానికి తగ్గింది. పన్నుల్లో సగం ఎగ్గొట్టాం. వాటి గురించి మాటలు వస్తాయి, రానీ. పాకానికి మా పెద్దమ్మని పిలిపిస్తున్నాం. ఎనభై దాటాయి, కూర్చునే చూస్తుంది. మొదటి అరిసె ఆవిడే వెయ్యాలని మా అమ్మాయి పట్టు. పెద్దమ్మ ఒప్పుకుంటుందో లేదో తెలీదు. "నాకెందుకమ్మా ఇవన్నీ ఇప్పుడు" అంటుందేమో. అప్పుడు బలవంతం చెయ్యకూడదని కూడా మా అమ్మాయికి చెప్పాను. వద్దనే హక్కు ఆవిడకీ ఉంది కదా.