ఎవరి మనసు మనిషి మనసు?

"పాపం" అన్న మాట దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. ఒక అంతర్జాతీయ అధ్యయనం కోసం తప్పొప్పుల ప్రశ్నావళిని తెలుగు చేస్తున్నానప్పుడు. చేసిన తప్పూ పాపమే, మోకాలు చెక్కుకుపోయిన పిల్లాణ్ణి చూసి అమ్మమ్మ అనేదీ పాపమే. దోషమూ దయా ఒకే మాటలో కాపురముండే మనసును ఒకటి నుంచి ఏడు దాకా అంకెల్లో ఎలా కొలవాలి? ఈ సంగతంతా వివరంగా రాసి పంపాను. అచ్చయిన వ్యాసంలో కృతజ్ఞతల వరుసలో కూడా నా పేరు లేదు.

ఇది నా ఒక్క అనుభవంతో ఆగే సంగతి కాదు. అమెరికాలోని ప్రముఖ మనస్తత్వశాస్త్ర పత్రికలను పరిశీలించి మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2008లో ఒక లెక్క చెప్పాడు. పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. మిగతావాళ్ల అంతరాత్మను అడగకుండానే "మానవ స్వభావం" అని పాఠాలు చెప్పాం, నేనూ చెప్పాను. దీన్ని అధర్మమనే అంటాను.

2017లో మొదలైన సైకలాజికల్ సైన్స్ యాక్సిలరేటర్ వంటి కూటములు ఖండాల మధ్య ప్రయోగశాలలను కలుపుతున్నాయి. సంతోషం. అయితే ప్రశ్న తయారయ్యాక పిలిస్తే చాలదు. అది పుట్టేటప్పుడే మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అనువాదానికి ప్రతిఫలం, ప్రచురణ రుసుముకు సాయం, రచయితల పేర్లలో చోటు ఇవ్వండి.