ట్రంపెట్ పట్టిన మనవడికి

ఇత్తడి వాద్యం వాయించేవాడి బ్రతుకు వాద్యం మీద కన్న పెదవి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఊపిరి తాకిడికి పెదవులు కంపించినప్పుడే ట్రంపెట్‌లో నాదం పుడుతుంది; మూడు వాల్వులు, అంటే వేళ్ళతో నొక్కే మీటలు, గాలి నడిచే దారిని పొడిగించి స్వరాన్ని దించుతాయి. పై స్వరం కోసం ఊపిరికి పదును పెట్టకుండా మౌత్‌పీస్‌ను, అనగా పెదవులకు ఆనించే భాగాన్ని, పళ్ళకేసి అదిమేవాడికి ఆ పూటకు స్వరం దక్కవచ్చు గాని, నోటి చుట్టూ ఉండే కండరం నలుగుతూ వచ్చి కొందరికి చిరిగిపోతుంది. 1930లలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటి విద్వాంసుడు పెదవి గాయంతో కొంతకాలం వాద్యం పక్కన పెట్టవలసి వచ్చింది. 1982లో ఇటువంటి కండర గాయానికి ఆయన ముద్దుపేరు మీదనే ‘సాచ్‌మో సిండ్రోమ్’ అని పేరు పెట్టారు.

ఈ ఉత్తరం వ్రాస్తున్న తాతయ్య పెదవికి నాయనమ్మ వెన్న రాసిన రోజులు ఇంట్లో అందరూ ఎరిగినవే. చీలిన పెదవితోనే వరుస పెళ్ళి ముహూర్తాలకు నిలబడకపోతే ఆ సీజను కూలి మొత్తం ఇవ్వనని బ్యాండు యజమాని పట్టుబట్టిన సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఏడాది పోయిన పై స్వరాలు మళ్ళీ రాలేదు.

అటుపైన ఇల్లు గడిచింది పెదవి పోకముందు నేర్చిన సంగీత చదువు వల్ల. పచ్‌మఢీలో 1950లో ఏర్పడిన సైనిక సంగీత విభాగంలో తర్ఫీదు పొంది, పింఛను మీద గోదావరి ఒడ్డుకు చేరిన ఒక పెద్దాయన, కార్నెట్ విద్వాంసుడు ఆర్బాన్ 1864లో ప్రకటించిన, ట్రంపెట్‌కు దగ్గరి వాద్యమైన కార్నెట్ పాఠ్యగ్రంథాన్ని ముందు పెట్టుకొని, తెల్లవారుజామున పాట జోలికి పోనివ్వకుండా తాతయ్య చేత దీర్ఘస్వరాలే పట్టించేవారు. మామూలు ట్రంపెట్ బి-ఫ్లాట్ వాద్యం గనుక, కాగితం మీద ‘సి’ అని ఉన్నది వినడానికి ఒక పూర్తి స్వరం దిగువన పలుకుతుందని ఆయన విప్పి చెప్పారు. సినిమా పాట రేడియోలో విని పట్టేయగల తోటివారికి ఆ కాగితం మీది నొటేషన్, అంటే స్వరలిపి, వృథా శ్రమగా తోచింది. పెదవి పోయిన తరువాత బడిపిల్లలను కూర్చోబెట్టి, ఎవరి భాగం ఎక్కడ తప్పిందో చూపి దిద్దగలిగినది ఆ లిపి తెలిసినవాడే.

ఈనాడు పెళ్ళి ఊరేగింపు ముందు లారీ నిండా సౌండు బాక్సులు పెడుతున్నారు. వాటి హోరులో వినిపించాలని కుర్రవాళ్ళు మౌత్‌పీస్‌ను ఇంకా అదుముతున్నారు. వాయించినది విన్నవాడు లేడు, పెదవి మిగలడం లేదు. ఇది అన్యాయం.

మనవడు బడిలో బ్యాండు నేర్పే పని మానుకున్నాడని, పెదవి వాపు తగ్గకముందే మరో ఊరికి వాయించడానికి బయలుదేరాడని కోడలు చెప్పింది. బడి పనికి సోమవారమే తిరిగి వెళ్ళాలి. వాచిన పెదవితో వాద్యం ముట్టరాదు. నొప్పి వారం దాటితే వైద్యుడికి చూపించాలి. బాక్సుల పక్కన నిలబడేటప్పుడు చెవులకు ప్లగ్గులు పెట్టుకోవాలి. వరుసగా రెండు రాత్రులకు మించి ఒప్పుకోకూడదు, సగం డబ్బు ముందే తీసుకోవాలి. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు గనుక ఆ నెలంతా ఉదయాలు ఆర్బాన్ పుస్తకానికి, సాయంత్రాలు ట్రినిటీ సంగీత గ్రేడు పరీక్షల తయారీకి కేటాయించాలి. పరీక్ష రుసుము తాతయ్య కడతాడు. పుస్తకం బట్టలో చుట్టి ఈ ఉత్తరం తెచ్చినవారి చేతనే పంపడమైనది.